బెండకాయకి పిండి పట్టాలంటే

ప్రశ్న: అట్లాంటాలో అబ్బాయి దగ్గర ఉన్నాను. ఇక్కడి హోటల్లో తిన్న బెండకాయ వేపుడు నాకు తెగ నచ్చింది. ఇంట్లో కార్న్‌ఫ్లోర్‌తో చేస్తే పిండంతా ఊడి నూనెలో తేలుతోంది. ఎందుకు? అసలు ఈ వంట వీళ్ళకెలా వచ్చింది?

జవాబు: అమ్మా, తేడా పిండిలోనే ఉంది. అది కార్న్‌ఫ్లోర్ కాదు, కార్న్‌మీల్, అంటే చేత్తో నలిపితే సన్న రవ్వలా గరగరమనే మొక్కజొన్న పిండి. కాయలు కడిగి పూర్తిగా తుడిచాకే అర అంగుళం ముక్కలు కోయండి. తడి తగిలితే జిగురు సాగుతుంది, కానీ ఇక్కడ ఆ జిగురు కొంచెం కావాలి, పిండిని పట్టి ఉంచేది అదే కాబట్టి. చిక్కటి మజ్జిగలో ముక్కల్ని ఒక్కసారి ముంచి తీసి, ఉప్పు, మిరియాల పొడి కలిపిన పిండిలో దొర్లించి, పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. తర్వాత ఇనప మూకుడులో నూనె బాగా కాగాక కొన్ని కొన్ని వేయండి, ఒకేసారి కుమ్మరిస్తే నూనె చల్లారి పిండి ఊడుతుంది. అక్కడక్కడా అంచులు నల్లబడతాయి. నాకైతే ఆ మాడిన ముక్కలే ఇష్టం!

బెండని అమెరికా నేలకు చేర్చింది బానిసలుగా తరలించబడిన ఆఫ్రికన్లు. బెండకి ఇంగ్లీషులో వాడే ఓక్రా అన్న మాట కూడా పశ్చిమ ఆఫ్రికాలోని ఇగ్బో భాషదే. మొక్కజొన్న అమెరికా ఆదివాసులది. ఎండాకాలమంతా పెరట్లో విరగకాసే కాయ, ఇంట్లో ఎప్పుడూ ఉండే పిండి, ఇక ఆ వంట ఇంటింటిదీ కాకుండా ఎలా ఉంటుంది? 1988లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం తన అధికారిక రాష్ట్ర భోజనంలో దీన్నీ చేర్చింది.