పాఠకుల సందేహాలు: సొంత ల్యాప్‌టాప్‌లో మ్యాప్ సర్వర్

ప్రశ్న: అనంతపురం జిల్లా చెరువులను మ్యాప్ మీద చూపించే వెబ్‌సైటు ఒకటి మా స్నేహితులం కలిసి తయారుచేస్తున్నాము. ఇప్పటిదాకా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సర్వర్ నుంచే నేరుగా టైల్స్ (మ్యాప్‌ను ముక్కలుగా విడగొట్టిన చదరపు గడులు) తెచ్చుకుంటున్నాము. నెట్ పోయినప్పుడల్లా పని ఆగిపోతోంది. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ మాత్రమే ఉంది. డేటాబేసు, టైల్ సర్వర్ రెండూ అందులోనే పెట్టుకోవచ్చునా? ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పాఠకురాలు, శింగనమల

జవాబు: తప్పకుండా పెట్టుకోవచ్చు. ప్రపంచాన్నంతా అందులోకి ఎక్కించాలని చూడకపోతే మీ దగ్గరున్న యంత్రం ఈ పనికి సరిపోతుంది. మీరు అడగకపోయినా ముందుగా ఒక మాట చెప్పాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే ప్రపంచ పటాన్ని అందరూ కలిసి తయారుచేసేందుకు 2004లో మొదలైన స్వచ్ఛంద ప్రయత్నం. దాని టైల్ సర్వర్లు విరాళాల మీద నడుస్తాయి. మనం పరీక్షల కోసం ఒకే పేజీని రోజుకు వందసార్లు తెరిచి మూస్తుంటే ఆ బరువంతా వారి మీదే పడుతుంది. పెద్దఎత్తున టైల్స్ దించుకోవడాన్ని వారి నియమాలు నిషేధిస్తున్నాయి కూడా. అయితే ఆ టైల్స్ వెనుక ఉన్న సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరును మ్యాప్ మూలన కనబడేలా రాయాలి. కనుక సమాచారాన్ని తెచ్చుకొని టైల్స్‌ను మీరే తయారుచేసుకోవడం అన్ని విధాలా మంచిది.

జియోఫాబ్రిక్ అనే జర్మన్ సంస్థ ఈ సమాచారాన్ని ప్రాంతాలవారీగా విడగొట్టి ఉచితంగా అందిస్తోంది. భారతదేశం కింద దక్షిణ మండలం అనే ఫైలు ఉంటుంది. నెట్ బాగున్న రోజున దాన్ని ఒక్కసారి దించుకోండి. అది కొన్ని వందల మెగాబైట్లు ఉంటుంది కాబట్టి, దాన్ని అలాగే డేటాబేసులోకి పంపకుండా, ఆస్మియం అనే ఉపకరణంతో మీ జిల్లా మేరకు కత్తిరించుకోండి. తూర్పు రేఖాంశం 76.7 నుంచి 78.6 దాకా, ఉత్తర అక్షాంశం 13.6 నుంచి 15.3 దాకా తీసుకుంటే, 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడక ముందున్న పాత అనంతపురం జిల్లా మొత్తం ఆ చట్రంలో ఇమిడిపోతుంది. కత్తిరించేటప్పుడు స్మార్ట్ అనే పద్ధతిని ఎంచుకోవడం మరవకండి. లేకపోతే చట్రం అంచున ఉన్న పెద్ద జలాశయాల గట్టురేఖ సగంలో తెగిపోయి, మ్యాప్ మీద ఆ జలాశయమే కనబడకుండా పోయే ప్రమాదం ఉంది.

తరువాత కావలసినది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు, దానికి తోడుగా స్థానాల సమాచారాన్ని దాచి వెతికిపెట్టే పోస్ట్‌జీఐఎస్. రెండింటినీ కలిపిన డాకర్ ఇమేజ్ (ప్రోగ్రామును కంటెయినరు అనే విడి గదిలో నడిపేందుకు కట్టిన మూట) సిద్ధంగా దొరుకుతుంది కాబట్టి దాన్నే వాడమని నా సలహా. డేటా ఉండే ఫోల్డరుకు మాత్రం పేరున్న వాల్యూమ్‌ను (కంటెయినరు పోయినా మిగిలే నిల్వ చోటును) తప్పనిసరిగా జతచేయండి. నేను మొదటిసారి ఆ పని చేయలేదు. కంటెయినరును తీసివేసి కొత్తది పెట్టిన మరుక్షణం రెండు రాత్రులు కూర్చుని సరిదిద్దిన పట్టికలన్నీ పోయాయి. మరొక చిక్కు పోర్టుతో వస్తుంది. మీ యంత్రంలో ఇదివరకే పోస్ట్‌గ్రెస్ ఉంటే 5432 పోర్టు దాని చేతిలో ఉంటుంది కాబట్టి, కంటెయినరుకు బయటివైపు 5433 ఇవ్వండి. టైల్ సర్వర్‌ను కూడా కంటెయినరులో నడిపితే, దానికి లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే తప్ప మీ ల్యాప్‌టాప్ కాదు. అక్కడ డేటాబేసు సర్వీసు పేరును, లోపలి పోర్టు 5432ను రాయాలి. కనెక్షన్ కుదరడం లేదని వచ్చే ఉత్తరాలలో చాలావాటికి ఇదే జవాబు.

కత్తిరించిన ఫైలును డేటాబేసులోకి చేర్చే పని ఓఎస్ఎం2పీజీఎస్‌క్యూఎల్ చేస్తుంది. ఒక జిల్లాకు ఇది నిమిషాల పని. దీనికి హెచ్‌స్టోర్ అనే ఎంపికను తప్పక జోడించండి, అంతకుముందే డేటాబేసులో ఆ పేరుగల ఎక్స్‌టెన్షన్‌ను (అదనపు భాగాన్ని) తయారుచేసి ఉంచండి. మీ సైటు విషయంలో దీనిని ఇంతగా నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఏడాది పొడుగునా నీరుండే చెరువుకూ, వానపడితేనే నిండి వేసవికి బీటలువారే చెరువుకూ తేడా చూపడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇంటర్మిటెంట్ అనే ట్యాగు (లక్షణాన్ని తెలిపే గుర్తు) ఉంది. మీరు వాడే అమరికలో ఒక ట్యాగుకు సొంత కాలమ్ లేకపోయినా హెచ్‌స్టోర్ దాన్ని ఒకచోట భద్రపరుస్తుంది. మన జిల్లా చెరువుల మ్యాప్‌లో ఆ తేడా కనబడకపోతే, ఎండిన చెరువు కూడా నిండుకుండలా నీలంగా మెరుస్తుంది. అది మ్యాప్ చూసే రైతుకు అబద్ధం చెప్పినట్లే అవుతుంది.

టైల్ సర్వర్‌గా మార్టిన్ గాని పీజీ టైల్‌సర్వ్ గాని పెట్టుకోండి. రెండూ తేలికైనవి, డేటాబేసులోని పట్టికలను అవే గుర్తించి వెక్టర్ టైల్స్‌గా (బొమ్మలుగా కాక, బ్రౌజరు గీసుకునే ఆకారాల సమాచారంగా) అందిస్తాయి. అంతా నడుస్తున్నదో లేదో తెలుసుకోవడానికి మ్యాప్ పేజీ తెరవనక్కరలేదు, ఒక్క టైల్‌ను అడిగి చూడండి. జూమ్ 14 వద్ద భూగోళం అడ్డంగా 16,384, నిలువుగా 16,384 గడులుగా విడిపోతుంది. మన అక్షాంశం దగ్గర ఒక్కొక్క గడి వెడల్పు సుమారు 2.4 కిలోమీటర్లు. వాటిలో అడ్డంగా 11723, నిలువుగా 7516 సంఖ్య గల గడి అనంతపురం నగరంలో పడుతుంది. జూమ్, అడ్డం, నిలువు అనే వరుసలో ఆ మూడు అంకెలనూ చిరునామాలో రాసి, రహదారులు ఉన్న పట్టికను అడగండి. కొన్ని కిలోబైట్లు వస్తే డేటాబేసు నుంచి సర్వర్ దాకా దారి తెరుచుకున్నట్లే. ఖాళీ జవాబు వస్తే లోపం బ్రౌజరులో లేదు, వెనుకనే ఉంది. నెట్ లేకుండా పనిచేయాలంటే చివరిగా మ్యాప్ ఎలా కనబడాలో చెప్పే స్టైల్ ఫైలును చూడండి. అక్షరాల ఫైళ్ల చిరునామా, గుర్తుల చిరునామా బయటి సర్వర్లను చూపుతుంటే, వాటిని కూడా ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోవాలి.

ప్రశ్న: పల్లెల్లో తిరిగి ఫోను జీపీఎస్‌తో సేకరించిన బోరుబావుల స్థానాలను పోస్ట్‌జీఐఎస్‌లో చేర్చాను. ఎర్రర్ ఏదీ రాలేదు కాని, కడప మ్యాప్ మీద ఒక్క చుక్కా కనబడడం లేదు. – ఒక పాఠకుడు, కడప

జవాబు: మ్యాప్‌ను బాగా వెనక్కి జరిపి, నార్వేకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల వైపు చూడండి. మీ బావులన్నీ అక్కడే ఉండవచ్చు. కడప సుమారుగా ఉత్తర అక్షాంశం 14.47, తూర్పు రేఖాంశం 78.82 వద్ద ఉంది. మనం మాటల్లో అక్షాంశం ముందు చెబుతాము, ఫోను కూడా అలాగే చూపిస్తుంది. పోస్ట్‌జీఐఎస్‌లో బిందువును తయారుచేసే మేక్‌పాయింట్ ఫంక్షన్‌కు మాత్రం రేఖాంశం ముందు ఇవ్వాలి. తారుమారైనా 78.82 చెల్లుబాటయ్యే అక్షాంశమే కాబట్టి డేటాబేసు అభ్యంతరం చెప్పదు.

వరుస సరిగానే ఉంటే కోఆర్డినేట్ల పద్ధతి సంఖ్యను చూడండి. జీపీఎస్ ఇచ్చేది 4326, అంటే డిగ్రీలు. టైల్స్ వాడేది 3857, అంటే మీటర్లు. మార్చకుండా కేవలం 3857 అని పేరు పెడితే, 78 డిగ్రీలు 78 మీటర్లుగా మారి బావులన్నీ ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో పోగుపడతాయి. మార్చేటప్పుడు కూడా ఒక జాగ్రత్త అవసరం: ప్రశ్న అడిగిన ప్రతిసారీ పట్టికలోని వేల బిందువులను మార్చడం కంటే, టైల్ చట్రం ఒక్కదానినే 4326లోకి మార్చి పోల్చడం మేలు. అప్పుడే ఇండెక్స్ (త్వరగా వెతికేందుకు వాడే సూచిక) పనిచేస్తుంది. దూరాలను మాత్రం 3857లో కొలవకండి. ఆ పద్ధతి భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ సాగదీస్తుంది కాబట్టి, మీ ఊరి దగ్గర ఒక కిలోమీటరు దూరం 1,030 మీటర్లు దాటి కనబడుతుంది. రెండు బోర్ల మధ్య ఎడం తేల్చవలసి వస్తే భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకునే జియోగ్రఫీ రకాన్ని వాడండి.

ప్రశ్న: మా సొంత టైల్స్ మీద ఊళ్ల పేర్లు తెలుగులో పెట్టాము. ఉరవకొండ బాగానే వస్తోంది, గుత్తి, ధర్మవరం మాత్రం విరిగిపోతున్నాయి. – ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: లోపం మీ డేటాబేసులో లేదు. వెక్టర్ టైల్స్‌ను గీసే లైబ్రరీలు ముందుగా తయారైన అక్షరాల ఫైళ్ల నుంచి ఒక్కొక్క కోడ్‌ను విడివిడిగా తెచ్చి పక్కపక్కన పేరుస్తాయి. ఒత్తు లేని పేరు దాదాపు సరిగా వస్తుంది. గుత్తిలో మాత్రం తకు కింద ఒదగవలసిన తవొత్తు పొల్లుతో పక్కకు జరిగి, గుడి మరొక చోట పడుతుంది. పేర్లు కొద్దిగానే ఉంటే వాటిని హెచ్‌టీఎంఎల్ మార్కర్లుగా పెట్టండి. బ్రౌజరుకు తెలుగు రాయడం వచ్చు. వందల పేర్లు ఉంటే మ్యాపులు గీసే మ్యాప్‌నిక్‌ అనే ఉపకరణంతో, నోటో సాన్స్ తెలుగు ఫాంటుతో బొమ్మ టైల్స్ తయారుచేసుకోండి. మ్యాప్‌నిక్ లోపల అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఉంది కాబట్టి ఒత్తులు, గుణింతాలు వాటి స్థానాల్లోనే ఉంటాయి. తెలుగు పేర్ల ట్యాగు లేని ఊళ్లు మీ జిల్లాలో కనబడితే, వాటిని మీ డేటాబేసులో మాత్రమే దిద్దుకోకుండా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనే చేర్చండి. తరువాతిసారి ఫైలు దించుకున్నప్పుడు ఆ పేర్లు మీకూ, మిగతా అందరికీ వస్తాయి.