బ్రేకు పైపులు ఇంటి దగ్గర మార్చబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ పాత మారుతి 800లో వెనుక చక్రాలకు వెళ్ళే బ్రేకు పైపు తుప్పు పట్టి చెమ్మగిల్లిందని, దానిని ఇంటి దగ్గరే మార్చుకోవాలని ఉందని రాశావు. ఫొటోలు చూశాను. కాకినాడలో ఉప్పుగాలికి ఏళ్ళ తరబడి ఆరుబయట నిలిచిన బండికి ఇది వింత కాదు. క్లిప్పుల కింద మట్టీ తడీ చేరి నిలిచే చోటనే ఉక్కు పైపు మొదట పొట్టు రేగుతుంది. ఈ పని నీవు చేయగలవు. అయితే కొత్త పైపు పడే వరకు బండిని వీధి చివరికైనా తీయవద్దు. బ్రేకులకు రెండు సర్క్యూట్లు, అంటే ఆయిల్ నడిచే రెండు వేర్వేరు దారులు, ఉంటాయి గనుక ఒకటి పోయినా రెండవది ఆపుతుందని ఎవరైనా ధైర్యం చెబితే వినకు. అప్పుడు మిగిలేది సగం బ్రేకు మాత్రమే, పైగా పెడల్ లోతుకు దిగిపోతుంది.

తుప్పు పట్టిన ముక్కను కోసి, మధ్యలో కంప్రెషన్ జాయింటు (నట్టు బిగింపుతోనే పైపును పట్టి ఉంచే అతుకు) పెట్టి అతకమని సలహా ఇచ్చేవారు నీకు తప్పక ఎదురవుతారు. నేను పని నేర్చుకున్న షెడ్డులో ఒక కారుకు అలాగే అతికారు. రెండు వారాల తరువాత అది తిరిగి వచ్చినప్పుడు షెడ్డు ఆవరణలోనే పెడల్ నేల కంటింది, బండి గోడకు తగిలి ఆగింది. జాయింటు విప్పి చూస్తే పైపు అందులోంచి దాదాపు జారిపోయి ఉంది. గట్టిగా తొక్కినప్పుడు ఆ పైపులో ఒత్తిడి 70 బార్లు దాటగలదు. టైరులో ఉండే గాలి రెండు బార్ల దగ్గర ఉంటుందని గుర్తుంచుకుంటే తేడా నీకే తెలుస్తుంది. కాబట్టి ఒక యూనియన్ నుంచి, అంటే పైపు కొస నట్టుతో బిగిసే చోటు నుంచి, మరో యూనియన్ వరకు పైపు మొత్తం మార్చు.

పైపు 4.75 మిల్లీమీటర్లది తీసుకో. రాగి, నికెల్ కలిసిన మిశ్రమ లోహపు పైపు దొరికితే అదే మంచిది. చేతితో వంగుతుంది, ఉప్పుగాలికి తుప్పు పట్టదు. ఏసీ మెకానిక్కుల దగ్గర దొరికే ఉత్త రాగి గొట్టం మాత్రం వద్దు, అది అదురుకు అలసి పగులుతుంది. పైపు కొసను విప్పార్చి ఫ్లేర్ చేసే వారి ఫ్లేరింగ్ టూలు కూడా అడిగి తెచ్చుకోకు. అది పైపు అంచును ఒక్క పొరగా విప్పుతుంది, బ్రేకుకు అంచు లోపలికి మడిచిన డబుల్ ఫ్లేర్ కావాలి. కొన్ని బండ్లలో, ముఖ్యంగా ఐరోపా కార్లలో, పుట్టగొడుగు తలలాంటి బబుల్ ఫ్లేర్ ఉంటుంది. ఒకటి ఉండవలసిన చోట మరొకటి కూర్చోదు గనుక పాత పైపు కొసను చూసి అదే రకం చేయి.

ముందురోజు రాత్రే యూనియన్ నట్లకు తుప్పు వదిలించే నూనె పట్టించు. విప్పేటప్పుడు మామూలు పానా వాడితే నట్టు మూలలు గుండ్రబడతాయి; పైపు మీదుగా దూర్చేందుకు సందు ఉన్న ఫ్లేర్ నట్ పానా కొనుక్కో. బండిని చదునైన నేల మీద జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, నేల మీద ఉన్న చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టాకే కిందికి దూరు. ఇటుకల మీద నిలిపిన బండి కింద పడుకోవద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. పాత పైపును వీలైనంత వరకు విరవకుండా తీసి, దాని వంపుల వెంట పురికొస పరచి పొడవు కొలువు. ఫ్లేర్లకు కాస్త ఎక్కువ ఉంచు.

ఈ పనిలో నీ ఓపికంతా ఖర్చు పెట్టవలసిన చోటు ఫ్లేర్. పైపును రంపంతో కాకుండా పైపు కట్టరుతో కోసి, లోపలి గరుకు తీసేసి, బయటి అంచును ఆకురాయితో సన్నగా వాల్చు. నట్టును ముందే పైపు మీదికి ఎక్కించు. ఫ్లేర్ అయ్యాక అది ఎక్కదు, అనుభవం ఉన్నవారూ ఇది మరచి పైపు పాడుచేసుకుంటారు. టూలు కొసకు ఒక చుక్క బ్రేకు ఆయిల్ రాసి, ముందు పనికిరాని ముక్కల మీద పది ఫ్లేర్లు చేసి చూడు. వెలుతురులో తిప్పి చూస్తే అంచు చుట్టూ ఒకే వెడల్పుగా, వెంట్రుకవాసి చీలిక కూడా లేకుండా ఉండాలి. ఒకవైపు వాలినట్టు అనిపిస్తే మొహమాటం లేకుండా కోసి మళ్ళీ చేయి.

బిగించేటప్పుడు రెండు కొసల నట్లూ చేతి వేళ్ళతో నాలుగైదు చుట్లు సాఫీగా తిరిగాకే పానా పట్టు. మొదటి చుట్టే బిగుసుకుంటే మర అడ్డంగా పడిందన్నమాట. పైపు సైలెన్సరుకు, కదిలే భాగాలకు దూరంగా ఉండాలి; పాత క్లిప్పులన్నీ తిరిగి పెట్టాలి.

బ్రేకు ఆయిల్ ఏది వాడాలో దాని ట్యాంకు మూత మీదే ఉంటుంది. సీలు తీయని కొత్త డబ్బా కొను. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల వరకు మరగకుండా ఆగాలి, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్ళతో కడుగు. పైపుల్లో చేరిన గాలి తీసేటప్పుడు, నీ బండిలో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్ ను నెట్టే భాగం) కుడివైపు ఉంది గనుక దానికి దూరమైన ఎడమ వెనుక చక్రంతో మొదలుపెట్టి, కుడి వెనుక, ఎడమ ముందు, చివరకు కుడి ముందు చక్రం చేయి. మీ అమ్మను సీటులో కూర్చోబెట్టు: "తొక్కు" అన్నప్పుడు తొక్కి పట్టుకోవాలి, నీవు చక్రం దగ్గరి నిపుల్ (గాలిని బయటికి వదిలే మర) తెరిచి తిరిగి మూసేదాకా కాలు తీయకూడదు. నిపుల్ కు తగిలించిన గొట్టం కొస సీసాలోని ఆయిల్ లో మునిగి ఉండాలి. ట్యాంకు ఖాళీ కానివ్వకు, సీసాలో పడిన ఆయిల్ మళ్ళీ పోయకు. నీ బండికి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు కాబట్టి ఇంతటితో సరిపోతుంది. అది ఉన్న కార్లలో కొన్నింటికి గాలి పూర్తిగా పోవాలంటే కారు కంప్యూటరుకు తగిలించే స్కానర్ కావాలి, అందుకని పక్కింటివారి కొత్త బండి మీద ఈ పని ఒప్పుకోవద్దు.

అంతా అయ్యాక ప్రతి జాయింటునూ పొడిగా తుడిచి, ఇంజను నడుస్తుండగా పెడల్ ను ఒక నిమిషం పాటు బలంగా తొక్కి పట్టు. అది మెల్లగా దిగుతున్నా, జాయింటు చుట్టూ చుట్టిన టిష్యూ కాగితం మీద చుక్క కనిపించినా పని పూర్తి కాలేదు. పెడల్ గట్టిగా నిలిస్తే ఇంటి ఆవరణలో నడక వేగంతో, హ్యాండ్ బ్రేకు మీద చేయి ఉంచి నడిపి చూడు. వారం తరువాత మరోసారి కింద పడుకొని జాయింట్లన్నీ తడిమి చూడు.

నీవు చేసిన పది ఫ్లేర్లనూ పారేయకుండా వరుసగా పేర్చి, వెలుతురులో దగ్గరగా ఫొటో తీసి పంపు. నేను చూసి సరేనన్నాకే పదకొండవది అసలు పైపు మీద చేయి.

నీ మామయ్య