రీజనల్‌కి వెళ్తే పీఆర్ ఖాయమేనా? కూర్మన్నపాలెం తండ్రికి జవాబు

ప్రశ్న: నేను స్టీల్‌ప్లాంట్ ఉద్యోగిని, ఇంకో నాలుగేళ్లలో రిటైర్మెంట్. మా అబ్బాయి మెకానికల్ బీటెక్ ఫైనలియర్. కెనడాలోగానీ ఆస్ట్రేలియాలోగానీ చిన్న ఊళ్లో రెండేళ్ల కోర్సు చేస్తే అక్కడి రాష్ట్రమే నామినేట్ చేస్తుందని, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఖాయమని ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఇంటి మీద లోను తీసుకుందామనుకుంటున్నాం. రెండింటిలో ఏ దేశం మేలు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను సార్. ఇలాంటివి గాజువాక నుంచి, మద్దిలపాలెం నుంచి వస్తూనే ఉంటాయి, అన్నిట్లోనూ అడిగేది ఏ దేశం మేలు అనే. మీ అసలు భయం అది కాదనిపించింది. 2021 జనవరిలో ప్లాంటు అమ్మకం నిర్ణయం వచ్చినప్పటి నుంచి మీ వైపు ఏ ఇంట్లోనూ స్థిమితం లేదు, నాలాంటి ఉద్యోగం వాడికి ఇక్కడ దొరకదేమో అన్న దిగులు మీది. ఆ దిగులు న్యాయమైనదే. దానికి మందు ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టడం అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ముందు ఆ ‘ఖాయం’ సంగతి. నామినేషన్ అంటే ఈ మనిషి మాకు కావాలని అక్కడి రాష్ట్రం సిఫారసు చేయడం, అది పీఆర్ కాదు. ఆస్ట్రేలియా 491 అనే రీజనల్ వీసాకి రాష్ట్రం నామినేట్ చేస్తే, వయసుకీ చదువుకీ అనుభవానికీ ఇచ్చే పాయింట్లకి ఇంకో 15 కలుస్తాయి, వచ్చేది ఐదేళ్ల తాత్కాలిక వీసా. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా మిగతాచోట్లే ఉండాలి, అక్కడే పని చేయాలి, మూడేళ్లు గడిచాక 191 అనే శాశ్వత వీసాకి దరఖాస్తు పెట్టుకుంటే అప్పుడు పీఆర్. (అడిలైడ్, పెర్త్ కూడా రీజనల్ కిందికే వస్తాయి, మరీ అడవి అనుకోకండి.) కెనడాలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లను బట్టి పీఆర్‌కి పిలిచే జాబితాలో) ఉన్నవాళ్లకి ప్రావిన్స్, అంటే అక్కడి రాష్ట్రం, నామినేషన్ వస్తే 600 పాయింట్లు, అంటే దాదాపు గట్టెక్కినట్టే. అందుకే అందరూ దాని వెంట పడ్డారు. కానీ ప్రావిన్సుల నామినేషన్ల దారిలో ఏడాదికి ఇంతమందిని తీసుకుంటామన్న లక్ష్యం 2024లో 1,10,000గా ఉంటే, దాన్ని 2025కి 55,000కి కోసేశారు, 2026కి మళ్లీ 91,500 అన్నారు. మీ అబ్బాయి కోర్సు ముగిసేసరికి ఆ అంకె ఎంత ఉంటుందో ఇవాళ ద్వారకానగర్‌లో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

నాకు అన్నిటికంటే అనుమానం ‘పీఆర్ కోర్సు’ అనే మాట మీద. అక్కడ కొరత ఉన్న పనుల లిస్టులో ఉందని మెకానికల్ చదివినవాళ్లని వంట డిప్లొమాకి, హోటల్ మేనేజ్‌మెంట్‌కి పంపేస్తున్నారు. కోర్సు అయ్యేలోపు లిస్టు మారిపోతుంది, చేతిలో ఇష్టం లేని చదువు మిగులుతుంది. కెనడాలో 2024 నవంబర్ 1 నుంచి డిగ్రీ కాని కోర్సులకి, వాళ్లు చెప్పిన రంగాల్లో ఉంటేనే చదువయ్యాక వర్క్ పర్మిట్. ఆ పర్మిట్ లేకపోతే అక్కడి అనుభవం రాదు, అనుభవం లేకపోతే చాలా ప్రావిన్సుల దారులు మూసుకుపోతాయి. ఇది మీకు ఎవరైనా చెప్పారా? నామినేషన్ ఇచ్చే రాష్ట్రానికి కావలసింది తమ ఊళ్లో లోటున్న పని చేయగలిగి, అక్కడే నిలబడి బతికే మనిషి. ఫీజు కట్టాడు కదా అని ఎవరినీ తీసుకోదు.

ఆ ఊళ్ల సంగతి కూడా చూడండి. సౌత్ ఆస్ట్రేలియాలో వయాల్లా అని మీలాంటి ఉక్కు ఊరే ఒకటుంది. అక్కడి స్టీల్ ఫ్యాక్టరీ అప్పుల్లో పడితే 2025 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం యాజమాన్యం చేతుల్లోంచి తీసి అడ్మినిస్ట్రేటర్లకి అప్పగించింది. ఒక్క ఫ్యాక్టరీ మీద బతికే ఊరికి కష్టం వస్తే ఎలా ఉంటుందో కూర్మన్నపాలెంలో ఉన్న మీకు నేను చెప్పాలా? ఇక్కడ అయితే ఇంకో జిల్లాకి వెళ్లి పని వెతుక్కుంటాడు. 491 మీద ఉన్నవాడు ఆ ఊరు వదిలి ఇంకో రీజనల్ ఊరికి వెళ్లొచ్చు, సిడ్నీకి మాత్రం వెళ్లలేడు.

కొంచెం కటువుగా అంటున్నాను, ఏమనుకోకండి. ఇంత ఉత్తరంలో మీ అబ్బాయికి ఏం కావాలో ఒక్క ముక్క లేదు. మిషన్ల మీద ఇష్టమా, డిజైనా, అసలు మెకానికల్ అతను ఎంచుకున్నదేనా? స్నేహితులూ మీరూ లేని ఊళ్లో మూడేళ్లు ఉండాల్సింది మీరు కాదు, అతను. ఇరవై ఒక్కేళ్ల పిల్లాడి నెత్తిన ఇంటి అప్పు పెట్టి విమానం ఎక్కిస్తే, అక్కడ బాగోలేకపోయినా బాగానే ఉన్నాను నాన్నా అనే చెబుతాడు. అలా చెప్పిన పిల్లల్ని చూశాను, నెలల తరబడి ఇంట్లో నిజం చెప్పలేక నాకు అర్ధరాత్రి ఫోన్ చేసినవాళ్లున్నారు.

ఏది మేలు అని అడిగారు కాబట్టి, మెకానికల్ వరకు నేను ఆస్ట్రేలియా వైపే మొగ్గుతాను, అదీ ఇప్పుడే కాదు. పరవాడలోనో, అచ్యుతాపురంలోనో, షిప్‌యార్డులోనో తన రంగంలో మూడేళ్లు పని చేయనివ్వండి. వయసు 25 దాటితే 30 పాయింట్లు, డిగ్రీకి 15, ఐఈఎల్‌టీఎస్ నాలుగింటిలో 7 వస్తే 10, మూడేళ్ల అనుభవానికి 5, పెళ్లి కాకపోతే 10, అక్కడికి 70. నామినేషన్ వస్తే 85. కనీసం కావలసింది 65, కానీ అది దాటినంత మాత్రాన వీసాకి దరఖాస్తు పెట్టుకోమన్న పిలుపు రాదు, కొన్ని రాష్ట్రాలు అక్కడ ఉండి పని చేస్తున్నవాళ్లకే పెద్దపీట వేస్తాయి. అయినా ఈ దారిలో వీసా ఫీజులూ పరీక్షలూ కలిపి కొన్ని లక్షలే, అతని జీతంలోంచే కూడబెట్టుకోవచ్చు. పిలుపు రాలేదనుకోండి, మూడేళ్లు అనుభవమున్న ఇంజనీరుగా ఇక్కడే ఉంటాడు, టెన్షన్ ఏముంది?

ఈలోగా రెండు పనులు చేయండి. ఆ కన్సల్టెన్సీ వాళ్లని ఆస్ట్రేలియాకైతే మారా (అక్కడి వలస ఏజెంట్లని నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు, కెనడాకైతే అలాంటిదే అయిన సీఐసీసీ నంబరు అడగండి, రెండు జాబితాలూ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. కాలేజీలో అబ్బాయి బ్రాంచికి ఎన్‌బీఏ (మన ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే బోర్డు) టైర్-1 గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి, ఉంటే, ఒకరి ఇంజనీరింగ్ డిగ్రీని ఒకరు గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందం కింద, చదువుని తూచే ఇంజనీర్స్ ఆస్ట్రేలియా సంస్థ దగ్గర అసెస్‌మెంటు తేలిక, లేకపోతే తన ప్రాజెక్టుల మీద పెద్ద రిపోర్టు తానే రాసుకోవాలి. ఆ తర్వాత అతన్ని నా దగ్గరికి పంపండి, మొదటిసారి ఒక్కణ్నే. మీరూ అమ్మగారూ రెండోసారి వద్దురుగాని, ఇంటి కాగితాలు మాత్రం అప్పటిదాకా బీరువాలోంచి తీయకండి.