మేనమామ జబ్బు మేనల్లుడికెందుకొచ్చింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే దారిలో ఉన్నాయి: ఇంట్లో ఆడవాళ్లు బాగానే ఉన్నారు, మగపిల్లలకే జబ్బు. అన్నింటికీ కలిపి ఇక్కడే రాస్తున్నా.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. సంక్రాంతికి పాలపన్ను ఊడితే రాత్రంతా దూది మారుస్తూనే ఉన్నాం, తెల్లారేసరికి తలగడ గుడ్డంతా రక్తమే. విశాఖపట్నం తీసుకెళ్తే హిమోఫిలియా-ఏ అన్నారు. మా అమ్మ తమ్ముడొకాయన చిన్నతనంలోనే పన్ను పీకించుకుని రక్తం ఆగక పోయాడట, ఇప్పుడు అందరూ గుర్తు చేసుకుంటున్నారు. మా అత్తగారు ‘మా వంశంలో ఇలాంటిది లేదు, పుట్టింటి నుంచి తెచ్చావు’ అని నలుగురిలో అంటున్నారు. మా అన్నయ్య ఆరోగ్యంగా ఉన్నాడు, వాళ్ల ఇద్దరబ్బాయిలకీ వస్తుందా? చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. చెప్పాలా, దాచాలా?
– ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట తేల్చేద్దాం. ఈ జబ్బు తెచ్చే తప్పు జీన్ (అమ్మానాన్నల నుంచి బిడ్డకి దిగే సూచన) మీ వైపు నుంచే వచ్చింది, అది నిజమే, దాచడానికేం లేదు. రక్తం గడ్డకట్టడానికి ఫ్యాక్టర్-8 అనే ప్రొటీన్ కావాలి, అది తక్కువైతే వచ్చేదే హిమోఫిలియా-ఏ. దాన్ని తయారుచేసే జీన్ ఎక్స్ అనే క్రోమోజోమ్ (జీన్లుండే పోగు) మీద ఉంటుంది. ఆడవాళ్లకి ఎక్స్‌లు రెండు, మగవాళ్లకి ఒక ఎక్స్, ఒక వై. మీకున్న రెండిట్లో ఒకదాని మీద తప్పున్నా రెండోది పని నడిపించేస్తుంది కాబట్టి మీకే తెలియదు, మీ అమ్మగారికీ తెలియలేదు. ఇలాంటివాళ్లని క్యారియర్లు అంటాం. మగపిల్లాడికి ఉన్నది ఒకటే ఎక్స్, అందులో తప్పుంటే ఆదుకోడానికి ఇంకోటి లేదు. మీ ఆయన బాబుకి వై ఇచ్చారు కాబట్టే కొడుకు పుట్టాడు. ఆయన వై ఇచ్చాక ఎక్స్ మీ దగ్గర్నుంచి తప్ప ఇంకెక్కణ్నుంచీ రాదు. మనవడు కావాలని మొక్కుకున్నది అత్తగారే అయితే ఈ లెక్క ఆవిడకి కూడా ఒకసారి వినిపించండి. తన క్రోమోజోములు ఏరుకుని పుట్టినవాళ్లు ఎవరూ లేరు. ఇంగ్లండ్ రాణి విక్టోరియా కూడా ఇలాంటి క్యారియరే, ఆవిడ కొడుకు లియోపోల్డ్ 1884లో కింద పడి, రక్తస్రావమై 30 ఏళ్లకే చనిపోయాడు, కూతుళ్ల ద్వారా అది రష్యా, స్పెయిన్ రాజకుటుంబాల దాకా వెళ్లింది.

మీ అన్నయ్యకి మీ అమ్మగారి మంచి ఎక్స్ వచ్చింది. ఆయన దగ్గర తప్పు జీనే లేదు, కాబట్టి ఆయన పిల్లలకి మీ వైపు నుంచి భయం లేదు, ఆ టెన్షన్ ఇవాళే వదిలేయండి. చెల్లి సంగతి అలా కాదు. మీ మేనమామకీ, మీ బాబుకీ వచ్చిందంటే మీ అమ్మగారు క్యారియరే అని లెక్క, కాబట్టి చెల్లికి సగానికి సగం అవకాశం. రక్తంలో ఫ్యాక్టర్-8 శాతం ఒక్కటే చూసి ‘నువ్వు క్యారియర్ కాదు’ అని చెప్పలేం, ఎందుకంటే క్యారియర్లలో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది. ముందు బాబు రక్తంలో జీన్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి, తర్వాత అదే తప్పు చెల్లిలో ఉందా అని వెతకాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది, మీ డాక్టర్‌తో చీటీ రాయించుకుని వెళ్లండి. మీకు ఇంకో కాన్పు ఆలోచన ఉంటే మీ పరీక్ష కూడా అప్పుడే అయిపోతుంది. మళ్లీ మగపిల్లాడు పుడితే సగం అవకాశం, అది ప్రతి కాన్పుకీ కొత్తగా వేసే బొమ్మాబొరుసే, ఈసారి వచ్చేసింది కదా వచ్చేసారి రాదులే అనుకోకండి. గర్భంలో పరీక్ష సుమారు 11 నుంచి 13 వారాల మధ్య చేయొచ్చు, కానీ గుర్తింపు ఉన్న సెంటర్‌లోనే. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ఇలాంటి జబ్బుల కోసం చేసే పరీక్షని ఆపదు, ఆడా మగా అని ఇంట్లోవాళ్లకి చెప్పడాన్ని మాత్రం ఒప్పుకోదు.

సంబంధం విషయంలో నా మాట: పెళ్లికి ముందే చెప్పండి, కానీ పరీక్ష రిపోర్ట్ వచ్చాకే. రిపోర్ట్ బాగుంటే చెప్పాల్సింది ఏమీ ఉండకపోవచ్చు. దాచిపెట్టి, ఐదేళ్లకి ఒక పిల్లాడి మోకాలు వాచాక బయటపడితే మీ అత్తగారి లాంటి మాటే ఆ అమ్మాయి కూడా పడాల్సొస్తుంది. క్యారియర్ అయినా ఆరోగ్యంగా బతికేస్తారు, కాకపోతే కొందరికి నెలసరి ఎక్కువగా అవుతుంది, కాన్పు తర్వాత రక్తం ఎక్కువ పోవచ్చు. అందుకే కాన్పు డాక్టర్‌కి ముందే తెలిసుండాలి.

బాబు గురించి ఒకటే గట్టిగా చెప్తాను, జ్వరమొచ్చిందని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి తుంటి మీద ఇంజెక్షన్ వేయించకండి. కండలోకి రక్తం కారి నిండిపోయి కాలు లేవకుండా పోయిన పిల్లలున్నారు. నొప్పికి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్, బ్రూఫెన్ వద్దు. టీకాలు మానకూడదు, సన్నని సూదితో వేయించి పది నిమిషాలు నొక్కి పట్టుకోండి. మోకాలు వెచ్చగా అయ్యి బిగిసినట్టు అనిపిస్తోందని బాబు అంటే వాపు వచ్చేదాకా ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రిలో నరంలోకి ఫ్యాక్టర్-8 ఎక్కించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో హిమోఫిలియా ఉంది కాబట్టి సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేయండి, తీవ్రమైన రకం అయితే పింఛను గురించి కూడా సచివాలయంలో అడగండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నా. నన్ను మా మేనమామకే ఇవ్వాలని ఇంట్లో గట్టిగా ఉన్నారు. మావయ్యకి తక్కువ స్థాయి హిమోఫిలియా, దెబ్బ తగిలితేనే ఇబ్బంది. ‘మేనరికం వల్లే పిల్లలకి జబ్బులు’ అని మా ప్రొఫెసర్ అన్నారు. ఇది చేసుకోకపోతే సరిపోతుందా?
– రాజాం

జవాబు: తల్లీ, మీ ప్రొఫెసర్ చెప్పింది వేరే జబ్బుల విషయంలో నిజం. తలసీమియా, పార్వతీపురం ఏజెన్సీలో కనిపించే సికిల్ సెల్ లాంటి రక్తజబ్బులు రావాలంటే తల్లి, తండ్రి ఇద్దరి దగ్గరా ఆ తప్పు జీన్ ఉండాలి, దగ్గరి చుట్టరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. హిమోఫిలియాకి ఆ అవసరం లేదు, క్యారియర్ అయిన తల్లి ఒక్కతే చాలు. కాబట్టి బయటి సంబంధం చేసుకున్నా, మీరు క్యారియర్ అయితే మగపిల్లల్లో సగం మందికి వచ్చే అవకాశం అలాగే ఉంటుంది.

మీ అమ్మమ్మ క్యారియర్ అనుకుంటే మీ అమ్మకి సగం అవకాశం, మీకు అందులో సగం, అంటే నాలుగింట ఒక వంతు. ఇప్పుడు మావయ్యని చేసుకుంటే రెండు దారులు. మీరు క్యారియర్ కాకపోతే కొడుకులంతా క్షేమం, కూతుళ్లంతా మాత్రం క్యారియర్లే, ఎందుకంటే ఆయన కూతురికి ఇవ్వగలిగింది ఆ ఒక్క ఎక్సే. మీరు క్యారియర్ అయితే కొడుకుల్లోనే కాదు, కూతుళ్లలో కూడా సగం మందికి జబ్బే రావచ్చు, వాళ్లకి రెండు ఎక్స్‌లూ తప్పువే వస్తాయి కాబట్టి. ఆడపిల్లలకి హిమోఫిలియా రాదని చాలామంది అనుకుంటారు, మన జిల్లాల్లో మేనమామ పెళ్లిళ్లు ఇంకా జరుగుతుంటే ఆ మాట నేను అనలేను. పరీక్ష చేయించుకున్నాకే ముహూర్తం మాట ఎత్తనివ్వండి. ఇంతకీ మీకు ఈ పెళ్లి ఇష్టమేనా, ఆ సంగతి ఉత్తరంలో ఎక్కడా రాయలేదు.

ప్రశ్న: మా వాడికి నాలుగున్నర. అంగన్‌వాడీలో కింద కూర్చుంటే చేతులు మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద పెట్టుకుని, తన ఒంటి మీద తానే ఎక్కుతున్నట్టు లేస్తాడు. పిక్కలు లావుగా ఉంటే బలంగా ఉన్నాడని అందరూ మురిసిపోతున్నారు. మా ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు.
– బొబ్బిలి

జవాబు: ఆలస్యం చేయకండి, ఈ వారంలోనే సీపీకే అనే రక్త పరీక్ష చేయించండి. అది వేలల్లో వస్తే డుషెన్ కండరాల క్షీణత అని అనుమానించి జీన్ పరీక్షకి పంపుతారు. బలమైన పిక్కల్లా కనిపించేది చాలాసార్లు కండ కాదు, కొవ్వు. ఈ జబ్బు జీన్ కూడా ఎక్స్ మీదే ఉంటుంది, కానీ ఇంట్లో ఎవరికీ లేదు కదా అని ధైర్యపడొద్దు. ఇలాంటి పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి తల్లి క్యారియర్ కాదు, తప్పు ఆ బిడ్డలోనే కొత్తగా పడుతుంది. మిగతావాళ్లలో తల్లి క్యారియర్, ఆవిడ అక్కచెల్లెళ్లు కూడా అయ్యే అవకాశముంది, అందుకే ఇంకో కాన్పు అనుకునే ముందు తెలుసుకోవాలి. జబ్బు పూర్తిగా నయం కాదు, కానీ స్టెరాయిడ్లు, ఫిజియోథెరపీ సమయానికి మొదలుపెడితే నడక ఇంకొన్నేళ్లు నిలుస్తుంది.

ప్రశ్న: రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష పాసయ్యా, మెడికల్‌లో కలర్ బ్లైండ్ అని తీసేశారు. నాన్నకి ఏ లోపమూ లేదు. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న మాత్రం మిరపచేలో పండుకాయ ఏదో పచ్చికాయ ఏదో తేల్చలేక అమ్మమ్మ చేత తిట్లు తినేవాడు. కళ్లజోడుతో నయమవుతుందా?
– విజయనగరం

జవాబు: నయం కాదు బాబూ, రంగు కళ్లద్దాలు పెట్టుకుని మెడికల్ దాటిస్తామనే ఏజెంట్లకి డబ్బు కట్టకు. ఇదీ ఎక్స్ మీది తప్పే, మీ తాతయ్య నుంచి మీ అమ్మకి, అమ్మ నుంచి నీకు వచ్చింది, మీ నాన్నకి ఇందులో పాత్ర లేదు. నీ కూతుళ్లంతా క్యారియర్లవుతారు. కొడుకులకి నీ నుంచి రాదు, మీ ఆవిడ క్యారియర్ అయితే ఆవిడ నుంచి రావచ్చు. ఆ అవకాశం కూడా ఉందనే చెప్పాలి, ఇది చాలా మామూలు లోపం, యూరప్ మగవాళ్లలో అయితే నూటికి 8 మందికి ఉంటుంది. గుమస్తా పోస్టుల్లాంటి సీ-2 కేటగిరీకి రంగుల పరీక్ష అడ్డం రాదు, నోటిఫికేషన్‌లో మెడికల్ కేటగిరీ చూసుకునే దరఖాస్తు పెట్టు. నీకు అక్కగానీ చెల్లిగానీ ఉండి వాళ్లకి కొడుకులుంటే, ఆర్మీ అనో రైల్వే అనో కోచింగ్‌కి ఫీజు కట్టకముందే కంటి డాక్టర్ దగ్గర ఇషిహారా చుక్కల పుస్తకం (రంగుచుక్కల్లో దాగిన అంకెలు చదివించే పరీక్ష) చూపించమను, పది నిమిషాల పని.