పాఠకుల ప్రశ్నలు: రాడార్‌లో ఎరుపు, ఊళ్లో ఎండ

ప్రశ్న: ఒడిశా తీరంలోని గోపాలపూర్ వాతావరణ రాడార్ చిత్రంలో మా పర్లాకిమిడి మీద ఎర్రటి మచ్చ ఉంటుంది, బయట చినుకు పడదు. ఒక్కోసారి చిత్రం ఖాళీగా ఉండగానే గాలివాన వచ్చేస్తుంది. దీన్ని నమ్మి వేసవిలో ధాన్యం ఆరబోసుకోవచ్చా?

జవాబు: నమ్మవచ్చు, కానీ అది ఎంత ఎత్తున చూస్తోందో తెలియాలి. రాడార్ కిరణాన్ని అర డిగ్రీ కోణంలో వదిలినా, 100 కిలోమీటర్లు పోయేసరికి నేలకు సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల పైన ఉంటుంది. గోపాలపూర్ నుంచి మీ ఊరు దాదాపు అంతే దూరం. పైగా సరిగ్గా దారిలో 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉంది. కింది కిరణం కొండకు తగిలి ఆగిపోతుంది. ఇంకా పై కోణాల్లో వచ్చేవే మీ దాకా చేరతాయి కనుక తక్కువ ఎత్తు మేఘాలు చిత్రంలోకి రావు. విశాఖపట్నం రాడార్‌నూ పక్కన పెట్టుకు చూడండి. అది ఇంకా దూరమైనా దాని దారిలో మహేంద్రగిరి లేదు. పది కిలోమీటర్లు దాటి లేచే ఉరుముల మేఘం దానికి దొరుకుతుంది.

ఇక ఎరుపు. మీరు చూస్తున్నది మ్యాక్స్-జెడ్ అనే చిత్రమైతే, నిలువునా ఏ ఎత్తులో రాడార్‌కు తిరిగివచ్చే సంకేతం ఎక్కువ బలంగా ఉంటే అదే రంగుగా పడుతుంది. ఆరు కిలోమీటర్ల పైన వడగళ్లు ఉన్నా ఎరుపే. చిత్రానికి పైనా కుడివైపునా ఎత్తును చూపే పట్టీలుంటాయి, వాటిలో ఎరుపు నేల దాకా దిగిందేమో చూడండి. దిగకపోతే వాన ఇంకా దారిలో ఉంది, లేదా పొడిగాలిలో ఆవిరైపోతోంది. రంగు కన్నా పక్కనున్న డీబీజెడ్ అంకె (ఆ సంకేతం బలానికి కొలత) ముఖ్యం: 40 దాటితే జోరువాన, 55 దాటితే వడగళ్ల అనుమానం.

చిత్రం మీద సమయం పక్కన యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని ఉంటే, మన సమయం కోసం 5 గంటల 30 నిమిషాలు కలపండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. తరువాత 20 నిమిషాల తేడాతో రెండు చిత్రాలు తీసుకోండి. మచ్చ 10 కిలోమీటర్లు జరిగితే వేగం గంటకు 30. 45 కిలోమీటర్ల దూరంలో ఉంటే గంటన్నర సమయం. అందులో సగమే మీది అనుకోండి. మేఘం నుంచి కిందికి దూకిన చల్లగాలి ముందుకు పరుగెత్తి, దారిలో కొత్త మేఘాన్ని లేపుతుంది. అది మీ లెక్కకు అందదు. ఉరుము వినబడితే లెక్కలు మానేసి పక్కా ఇంట్లోకి వెళ్లండి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగండి.

ప్రశ్న: కొరాపుట్‌లో నా ఫోనులోని బారోమీటరు (గాలి పీడనం కొలిచేది) 911 మిల్లీబార్లు చూపుతోంది. అంత తక్కువంటే తుపానా?

జవాబు: కాదు. మీ ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ అది మామూలే. తుపాను వార్తల్లో చెప్పేది సముద్రమట్టానికి సరిచేసిన అంకె. పీడనం రోజూ ఉదయం పదికి పెరిగి, సాయంత్రం నాలుగుకు తగ్గుతుంది. ఆ తేడాయే మూడు, నాలుగు మిల్లీబార్లు ఉండవచ్చు. అందుకే ఇవాళ నాలుగింటి అంకెను నిన్న నాలుగింటి అంకెతోనే పోల్చండి, ఫోనును అదే గదిలో పెట్టి. పై అంతస్తుకు తీసుకెళ్తే తొమ్మిది, పది మీటర్లకు దాదాపు ఒక మిల్లీబారు తగ్గుతుంది.