రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీలో పనిచేస్తూ కూడా అసంఘటిత కార్మికుడు అవుతామా?

"మా కంపెనీకి రిజిస్ట్రేషన్ ఉంది, పన్నులు కడుతుంది. మరి నేను అసంఘటిత కార్మికుణ్ని ఎలా అవుతాను?" అని అడిగారు. అవుతారండీ. నేను నాలుగేళ్లు అలాగే ఉన్నాను.

ఓ గోదాములో హాజరు రాయడం నా పని. గేటు ఒకటే, హాజరు పుస్తకాలు మాత్రం రెండు. మొదటిదాంట్లో ఉన్నవాళ్లకు నియామక పత్రం, జీతంతో సెలవులు, పింఛను చందా ఉండేవి. రెండోదాంట్లో కాంట్రాక్టర్ మనుషులు. రోజు లెక్కన చేతికి డబ్బు, అంతే. రెండు పుస్తకాలూ రాసే నా పేరు కూడా రెండోదాంట్లోనే! ఒకసారి పాదం మీద పెట్టె పడి మూడు వారాలు మంచం దిగలేదు. ఆ రోజులన్నీ గైర్హాజరే. కంపెనీని అడిగితే కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లమన్నారు. ఆయనేమో "నా దగ్గర చేస్తున్నట్టు కాగితం ఏదీ?" అన్నాడు. నిజంగానే లేదు.

2003లో కార్మిక గణాంక నిపుణుల అంతర్జాతీయ సదస్సు చెప్పిందీ ఇదే. చూడాల్సింది సంస్థను ఒక్కటే కాదు, ఉద్యోగాన్ని. సామాజిక భద్రత, జీతంతో కూడిన సెలవు వంటివి అందకపోతే పెద్ద సంస్థలో ఉన్నా అది అసంఘటిత ఉపాధే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం ప్రపంచంలో అన్ని రకాల అసంఘటిత ఉపాధిలో బతుకుతున్నవాళ్లు దాదాపు 200 కోట్లు, అంటే పనిచేసేవాళ్లలో 61 శాతం. వ్యవసాయంలో 93.6, సేవల్లో 47.2 శాతం. నన్ను ఆపేసింది మాత్రం పరిశ్రమల అంకె: 57.2. పొగగొట్టం కనిపిస్తే పక్కా ఉద్యోగం అనుకుంటాం కదా!

అందుకే అందరికీ ఒకే మందు పనిచేయదు. సొంతంగా చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లకు ఫారాలు తగ్గించి, పన్నూ సామాజిక భద్రత చందా కలిపి ఒకేసారి కట్టే వీలు ఇవ్వాలి. ఉరుగ్వేలో మోనోట్రిబ్యూటో అనే పద్ధతి అలాంటిదే. నాలాంటివాళ్లకు అది ఎందుకూ పనికిరాదు. కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే అసలు యజమాని జీతానికీ ప్రమాదానికీ బాధ్యత వహించాలని చట్టం ఉండాలి, తనిఖీకి వచ్చిన అధికారి రెండో పుస్తకం కూడా అడగాలి. నా నాలుగేళ్లలో ఎవరూ అడగలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2015లో చేసిన 204వ సిఫార్సు కూడా అసంఘటితాన్ని సంఘటితం చేయడంతో ఆగలేదు, ఉన్న మంచి ఉద్యోగాలు అటు జారిపోకుండా చూడమంది. ఆ రెండో మాట గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

చట్టాల సంగతి అలా ఉంచి, మీరు ఈ రోజు నుంచే మీ హాజరు విడిగా రాసుకోండి. పనికి రమ్మని పంపే మెసేజ్‌లు, డబ్బు ముట్టిన తేదీలు దాచండి. ఆ గేటు లోపల మీ ఫొటో ఒకటైనా ఉంచుకోండి. అంతమంది హాజరు రాసిన నేను నాది రాసి పెట్టుకోలేదు.