మాస్టర్ ప్లాన్‌లో మా పొలం

ప్రశ్న: మా ఊరిని పక్క మున్సిపాలిటీలో కలిపారు. కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో మా ఎకరన్నర మీదుగా వంద అడుగుల రోడ్డు గీశారట. వాట్సాప్‌లో ఫొటో వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. భూమి పోయినట్టేనా? - ఓ రైతు

జవాబు: పోలేదండీ. ముసాయిదా ఇంకా ఖరారు కానిదే. కామారెడ్డిలో పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపిస్తే రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదా వద్దని తీర్మానించింది.

ముందు ఆ ఫొటో వదిలేయండి. మున్సిపల్ ఆఫీసుకెళ్లి పెద్ద మ్యాపులో మీ సర్వే నంబరు వెతకండి. గట్లు బాగా తెలిసిన పెద్దాయన్ని వెంట తీసుకెళ్లండి. ఉద్యోగమంతా మ్యాపులు గీసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, మా బల్ల మీద మీ బోరుబావి కనబడదు.

ముసాయిదా మీద అభ్యంతరాలు అడుగుతూ ఇచ్చిన నోటీసులో ఉన్న గడువులోపే అభ్యంతరం రాసిచ్చి, రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. ‘మాకు అన్యాయం జరిగింది’ అని మాత్రమే రాస్తే ఫైల్లో పడి ఉంటుంది. ‘ఫలానా సర్వే నంబరులో బోరు ఉంది, పక్కనే ప్రభుత్వ బాట ఉంది, రోడ్డు అటు జరపొచ్చు’ అని రాయండి. పక్క రైతులూ ఎవరికి వారు ఇవ్వాలి. ఈలోగా బ్రోకర్లు భయపెట్టి అగ్గువకు అడుగుతారు, తొందరపడి అమ్మకండి.